వెనక నుంచి పిలుపు

భారతీ,

నిన్న నల్గొండ దవాఖానలో నా రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. చిట్యాల దాటేదాకా బస్సు హారన్లు తల పగలగొట్టాయి. వాపసు ఇచ్చేద్దామనుకుంటూ ఇల్లు చేరాను.

నీ మగ్గం చప్పుడులో బతికిన మన ఇంట్లో ఎవరూ వెనక నుంచి పిలవరు. నా చెవులు మొద్దుబారాక మన బిడ్డ కవిత కూడా ఎదురుగా వచ్చే మాట్లాడేది. నిన్న మాత్రం మిషన్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి వెనక నిలబడింది.

“బాపూ, చాయ్ తాగుతవా?”

ఆ గొంతు నీది. లేచి నిలబడ్డాను. తిరిగి చూస్తే కవిత.

నువ్వు పోయినప్పుడు దానిది ఇంకా చిన్నపిల్ల గొంతు. ఎప్పుడు మారిందో నేను వినలేదు.

“గట్ల చూస్తవేంది బాపూ? ఇనొస్తలేదా?”

“ఇనొస్తలేదు బిడ్డా. ఇంకోపారి పిలువు, ఎన్క నుంచే” అని గోడవైపు తిరిగి కూర్చున్నాను.