వల వెనుక ముసలాయన పక్కన ఎవరున్నారో చూడనివ్వమని

హిరేకడలూరు కేశవస్వామి గుడి మరమ్మతు పనుల అధికారి వారి సముఖమునకు,

అదే ఊరి కాపురస్తుడు, పాత చెప్పుల షెడ్డు కాపలాదారు సణ్ణబోరయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గుడి దక్షిణపు మూలన కట్టిన పచ్చ వల లోపల ఉన్న ఒక బొమ్మను పావుగంట సేపు చూచుటకు అనుమతి కోరుట గురించి.

నాకు నాలుగో తరగతి వరకే చదువు. ఇంతకుముందు అర్జీ రాసినవాణ్ణి కాను. తప్పులుంటే మన్నించవలెను. మనవి చేసుకొనునది ఏమనగా:

1. ముందుగా నేనెవరో చెప్పుకోవలెను. గుడి తూర్పు వాకిలి పక్క రేకుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు యాత్రికుల చెప్పులు కాశాను. పోయిన వానాకాలం నుంచి అక్కడ ఇనుప అరలు, నంబరు బిళ్ళలు వచ్చాయి. నన్ను ఇక రానక్కర్లేదన్నారు. ఇందుకు నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేనిదాన్ని ఈ వరసలో ఎందుకు రాశానో తెలియదు. కొట్టివేయవచ్చును.

2. నా భార్య చిక్కతాయమ్మ అదే గుడిలో ఊడ్చే పని ఇరవై ఏడేళ్ళు చేసింది. గుడి చుట్టూ మనుషులు తిరిగే రాతి అరుగు ఆమె వంతు. పొద్దున తలుపులు తీయకముందు ఒకసారి, గైడ్లు జనాన్ని తిప్పే వేళ ఇంకోసారి. ఉత్తరం వైపు మొదలుపెట్టి, పడమర గోడ మీదుగా, దక్షిణపు మూలకు వచ్చి ముగించేది. కారణం, కసువు పోసే గుంట దక్షిణపు గోడ అవతల ఉన్నది. లోకమంతా దక్షిణం నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణం చేస్తుంది. ఆమెది దానికి ఎదురు. ఈ సంగతి తమరు జ్ఞాపకం ఉంచుకోవలెను.

3. ఆమెకు చదువు లేదు. గైడ్లు చెప్పేది చెవిన వేసుకుని, సాయంత్రం రాగి ముద్ద కెలుకుతూ నాకు చెప్పేది. ఒక పూట ఒక గజం గోడ. ఏ ఏనుగు కాలెత్తింది, ఏ కోతి ఎవరి కొంగు పట్టుకుంది, ఏ నాట్యగత్తె అద్దంలో చూసుకుంటూ బొట్టు దిద్దుకుంటోంది, అన్నీ. ఊడ్చిన వరసలోనే చెప్పేది గనుక రామాయణం మా ఇంట్లో వెనక నుంచి ముందుకు నడిచింది. రాముడు మొదట పట్టం కట్టుకుంటాడు. తరువాత రావణుడు చచ్చినవాడు లేచి నిలబడతాడు. తరువాత సీత లంక నుంచి అడవికి తిరిగి వస్తుంది. ఆఖరికి రాముడు ఉయ్యాలలోకి వెళ్ళి పడుకుంటాడు.

“ఇదేం కథ తాయీ, పట్టం అయినవాడు అడవికెందుకు పోతాడు?” అని నేను అడిగేవాణ్ణి.

“ఊడ్చేది నేనా నువ్వా?” అనేది ఆమె. “మూసుకుని విను. ముద్ద అడుగంటుతోంది.”

మా వాడలో అసలు కథ తెలియనివారు లేరు. నాకూ తెలుసు. అయినా ఇంట్లో కథ ఇలాగే ఉండేది. ఉయ్యాలతో ముగిసే కథ గనుక మేమిద్దరమూ నవ్వుకుంటూ పడుకునేవాళ్ళం. మాకు పిల్లలు లేరు. ఇది కూడా ఫిర్యాదు కాదు.

4. ముప్పై ఒక్క ఏళ్ళు వాకిట్లో ఉండి నేను ఆ బొమ్మలు ఎందుకు చూడలేదని తమరు అడగవచ్చును. జనం ఉన్నంతసేపు చెప్పులుండేవి. జనం పోయాక తాళం పడేది. అది ఒక కారణం. రెండోది సిగ్గు. చెప్పులు కాసేవాడు టూరిస్టులా తలెత్తి బొమ్మలు చూస్తూ తిరిగితే ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారని. చిక్కతాయమ్మ ఏటా పిలిచేది. నేను ఏటా “వచ్చే ఏడు” అనేవాణ్ణి.

5. ఇప్పుడు అసలు బొమ్మ సంగతి. దక్షిణపు మూల ఆమె ఊడ్పులో ఆఖరిది. అక్కడ గురించి ఆమె చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“మూల మలుపులో, నీళ్ళు పోయే తూము కింద, మోకాలెత్తున ఒక ముసలాయన ఉన్నాడయ్యా. అచ్చం నువ్వే. ముక్కు కూడా నీ ముక్కే, కొంచెం చితికింది.”

“ఏం చేస్తున్నాడు?”

“ఏం చేస్తాడు, కూర్చున్నాడు. నీలాగే. గైడ్లు చూపించరు, జనం చూడరు. నేనొక్కదాన్నే చూస్తా. తడిగుడ్డతో మొహం తుడిచొస్తా.”

“పక్కన ఎవరైనా ఉన్నారా?”

“వచ్చి చూసుకో. అన్నీ నేనే చెప్పాలా?”

ఈ ప్రశ్న నేను ఎన్నోసార్లు అడిగాను. ఏనుగులన్నిటినీ వర్ణించి చెప్పిన మనిషి ఈ ఒక్కదానికి మాత్రం వచ్చి చూసుకో అనేది, నవ్వేది. నిరుడు ఆషాఢంలో నాలుగు రోజుల జ్వరంలో పోయింది. జ్వరంలో ఉన్నప్పుడు ఇది అడగడం బాగుండదని అడగలేదు.

6. ఆమె సంవత్సరీకం అయిన మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని గుడికి యాత్రికుడిగా వెళ్ళాను. టికెట్టు కిటికీలో ఉన్న అమ్మాయి నన్ను చూసి, “తాతా, ఊరివాళ్ళకి టికెట్టేంటి, లోపలికి పో” అన్నది. నాకు టికెట్టు కావలెనని నిలబడ్డాను. వెనక వరస గొణుగుతుంటే చించి ఇచ్చింది. నా చెప్పులు ఇనుప అరలో పెట్టి బిళ్ళ తీసుకున్నాను. ఆ అరల కింద నేల పాత నేలే.

గైడు పుట్టరాజు ఒక గుంపును తీసుకుని బయలుదేరుతుంటే వెనకాల చేరాను. అతను చూశాడు.

“ఏం బోరన్నా, నువ్వూ టూరిస్టువైపోయావా? కెమెరా ఏదీ?” అన్నాడు. గుంపంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్ళతోపాటు ప్రదక్షిణంగా తిరిగాను. దక్షిణపు మూలకు అప్పటికే తమ వారు వల కట్టి ఉన్నారు గనుక అది వదిలిపెట్టి, ఆ పక్క నుంచి పడమరకు, పడమర నుంచి ఉత్తరానికి. అయ్యా, ఒక్కటి కూడా కలవలేదు. కోతి ఉండవలసిన చోట గుర్రం ఉన్నది. అద్దం చూసుకునే ఆమె తరువాత రావలసిన వేటగత్తె రాలేదు. ఇరవై ఏడేళ్ళు నా తాయి నాకు లేనివన్నీ కల్పించి చెప్పిందా అనిపించింది. ఏ తోడూ లేని మనిషికి అది చాలా పెద్ద సంగతి. బయటికి వచ్చి నా చెప్పులు తీసుకోవడం కూడా మరిచి ఉత్తకాళ్ళతో ఇంటికి పోయాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

7. తెల్లవారి వాకిట్లో కసువు ఎత్తుతుంటే గుంట గుర్తుకు వచ్చింది. దక్షిణపు గోడ అవతల గుంట. నేను కథను తప్పు కొస నుంచి పట్టుకున్నానని అర్థమయింది.

మళ్ళీ టికెట్టు తీసుకున్నాను. ఈసారి ఉత్తరం నుంచి ఎదురు తిరిగాను. కాలెత్తిన ఏనుగు మొదటి పదడుగుల్లోనే దొరికింది. దాని తరువాత కోతి. కోతి చేతిలో కొంగు. నేను గోడ దగ్గర నిలబడి పైకే, “ఉన్నావా” అన్నాను. ఎదురుగా వచ్చే యాత్రికులు నన్ను తప్పుకుంటూ పోయారు. ఒకామె తన పిల్లను అవతలి పక్కకు లాక్కుంది. ఇంతలో గుడి కాపలా హొంబాళయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“బోరన్నా, బుద్ధుందా? గుడికి ఎదురు తిరుగుతావా? అది కాటి దగ్గర తిరిగే తిరుగుడు. చూసినవాళ్ళు నన్ను తిడతారు.”

“తాయి తిరిగిన తీరు ఇది” అన్నాను.

“ఆమె ఊడ్చింది. ప్రదక్షిణం చెయ్యలేదు. ఊడ్చేవాళ్ళకి ఎటైనా ఒకటే.”

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజు ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చింది.

“అయితే నాకో చీపురియ్యి.”

హొంబాళయ్య నా మొహం చూశాడు. చిక్కతాయమ్మ పెట్టే కాఫీ తాగిన మనిషి. లోపలికి వెళ్ళి చీపురు తెచ్చి ఇచ్చాడు. “పైటేల వరకే. ఇంజనీరుగారు వస్తే నేను నిన్ను చూళ్ళేదు” అన్నాడు.

అలా ఊడుస్తూ ఎదురు తిరిగాను. ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. వరస తప్పకుండా ఆమె చెప్పినవన్నీ వచ్చాయి. పట్టం కట్టుకున్న రాముడు, లేచి నిలబడిన రావణుడు, అడవి, అడవిలో జింక. జింక వెనక్కి తిరిగి చూస్తుందని చెప్పింది, తిరిగి చూస్తోంది. నాకు తెలియని బొమ్మ ఒక్కటీ లేదు. కొత్తగా చూసేది ఒక్కటీ లేదు. చూశాక ఎవరికైనా చెప్పాలనిపించింది, వెనక్కి తిరిగితే ఫొటోలు దిగేవాళ్ళు ఉన్నారు.

దక్షిణపు మూల దగ్గర పచ్చ వల అడ్డం వచ్చింది. ఉయ్యాల, తూము, ముసలాయన, మూడూ వల లోపల ఉన్నాయి. వల సందులోంచి ఇనుప గొట్టాలు, రాళ్ళ మీద సుద్దతో రాసిన అంకెలు తప్ప ఏమీ కనబడలేదు. లోపలి మేస్త్రీ “పెద్దాయనా, రాయి పడుద్ది, జరుగు” అన్నాడు. జరిగాను.

8. బయట పుట్టరాజును ముసలాయన బొమ్మ గురించి అడిగాను.

“ముసలాయనా? మేం చూపేది దేవుళ్ళని, నాట్యగత్తెలని, ఏనుగుల్ని బోరన్నా. ముసలాళ్ళని చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడు?” అన్నాడు. తరువాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. “ఆ మూల రాళ్ళన్నీ విప్పుతారంట. మరీ అరిగినవి తీసేసి సాదా రాళ్ళు పెడతారంట. అమావాస్య దాటాక మొదలు.”

తడిగుడ్డతో ఇరవై ఏడేళ్ళు తుడిచిన బొమ్మ అరిగే ఉంటుంది. అది తాయి తప్పే గాని ముసలాయన తప్పు కాదు.

9. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

అమావాస్యకు ముందు ఏదైనా ఒక పగటిపూట, పనివారు అన్నానికి లేచిన సమయంలో, నన్ను వల లోపలికి పావుగంట అనుమతించవలెను. నెత్తికి ఇనుప టోపీ పెట్టమంటే పెట్టుకుంటాను. రాయి మీద పడితే ఎవరి పూచీ లేదని వేలిముద్ర, సంతకం, రెండూ ఇస్తాను. ఏ బొమ్మనూ ముట్టను. ముసలాయన పక్కన ఎవరైనా కూర్చుని ఉన్నారా లేదా అన్నది మాత్రమే చూసి వచ్చేస్తాను.

ఒకవేళ ఆ రాయిని ఇదివరకే కిందికి దించి ఉంటే, అది ఏ కుప్పలో ఉన్నదో చెప్పించవలెను. బోర్లా పడి ఉంటే వెల్లకిలా తిప్పించవలెను. అరిగిన రాళ్ళలో అది చేరితే, పారవేసే ముందు నాకు ఒక్క మాట. ఇంటికి ఇమ్మని అడగడం లేదు. అది గుడి సొత్తు.

నేను ఇంతకు మించి ఎవరినీ ఏమీ అడిగినవాణ్ణి కాను. తమరు పని ఒత్తిడిలోనూ ఈ కాగితాన్ని పూర్తిగా చిత్తగించి, ఉత్తర్వు దయచేయించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
సణ్ణబోరయ్య,
కుంబారగేరి, హిరేకడలూరు.

మనవి: పైది రాసి మూడు రోజులయింది, ఇంకా పెట్టెలో వేయలేదు. నిన్న హొంబాళయ్య చెప్పాడు, పనివాళ్ళు కానివాళ్ళని వల లోపలికి రానిచ్చే చట్టమే లేదట, ఎంత బాగా రాసినా. అలా అయితే తమరిని ఇరుకున పెట్టను. నేను రాకపోయినా ఫర్వాలేదు. లోపల పనిచేసే మేస్త్రీల్లో ఎవరినో ఒకరిని తూము కింద వంగి చూడమనండి. ముసలాయన పక్కన మనిషి ఉంటే ఉన్నదని, లేకపోతే లేదని, ఉత్త రాయి ఉంటే ఉత్త రాయని చెప్పమనండి. నా మనసు నొచ్చుకుంటుందని లేనిది చెప్పనక్కర్లేదు. ఉత్తరం వద్దు, మనిషిని పంపండి. సాయంత్రమైతే మంచిది, ముద్ద, అవరె చిక్కుడుకాయ పులుసు చేసి ఉంచుతాను. షెడ్డులో నాతో మాట్లాడినవాళ్ళంతా నిలబడే మాట్లాడారు, చెప్పులు కాళ్ళకు తగలగానే వెళ్ళిపోయారు. వచ్చే ఆ మేస్త్రీని మాత్రం కాస్త కూర్చుని చెప్పమని తమరు ఉత్తర్వులో రాయవలెను.