ప్యానెళ్ళు కొనేయండి బావా

బావగారికి,

ఇక ఆగకుండా మీ టైలరింగ్ షాపు కప్పు మీదికి బజార్లో దొరికే సోలార్ ప్యానెళ్ళే కొనేయండి. "మా తమ్ముడు కొత్తరకం చేస్తున్నాడు, అవొచ్చేదాకా ఆగుదాం" అని అక్క మిమ్మల్ని ఆపిందంటే, ఆ పాపం నా కోతలది. కరెంటు పోయి మీ మిషన్లు ఆగినప్పుడల్లా నాకిక్కడ పొలమారుతూనే ఉంది.

చెప్పింది కొండంత, చేసింది గోరంత. నిజంగానే చిటికెనవేలి గోరంత. గాజు ముక్క మీద రసాయనం చుక్క వేసి గిర్రున తిప్పితే, ఎండను కరెంటుగా మార్చే పొర రావాలి. వెంట్రుకలో వందో వంతు మందం కూడా ఉండదది. అందరికీ నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది, నాకు మాత్రం మసకబారిన అద్దంలా. యంత్రాన్ని తిట్టాను, రసాయనాన్ని తిట్టాను. చివరికి మా ల్యాబ్‌లో అమ్మాయి చెప్పింది: "సార్, మీరు దాని మీదికి వంగి మాట్లాడుతూనే ఉంటారు. మీ ఊపిరి తేమకే పాడవుతోంది."

మీ కప్పునూ నా పొరనూ చెడగొట్టింది ఒకే నోరన్నమాట!

నిన్న నోటికి తాళం వేసుకుని చేశాను. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది.

ఈ మాట అక్కతో మాత్రం అనకండి. మళ్ళీ ఆగుదామంటుంది.

మీ బావమరిది