మిట్ట మీద ఎర్రజెండా

ఖాదర్ భాయ్,

ఇసుకమిట్ట మీద ఎదురుబండి గుద్ది నువ్వు పోయి ఏడాదైంది. ఇప్పుడు మన ఒమన్ ఎడారి టూరిస్టు క్యాంపు బళ్లన్నిటికీ పొడుగు కర్రలు, ఎర్రజెండాలు మళ్లీ పెట్టారు. మిట్టకు అవతలున్న బండి ముందే కనబడాలనట. అన్నిటికీ సరిగ్గా కట్టారంటే నేను నమ్మలేదు. నీ చేతి బిర్యానీ తప్ప ఊరికే దేన్ని నమ్మాను గనక! పొద్దున వెళ్లి చూస్తే, నీ కొడుకు సలీం బండికి జెండా కర్ర సగంలోనే కట్టి ఉంది.

"టూరిస్టుల ఫోటోలకు అడ్డమట, చాచా."

"మీ అబ్బాకూ ఇదే చెప్పి కర్రే పీకించార్రా. పైకి కట్టు."

గొణుక్కుంటూ కట్టాడు.

సాయంత్రం నేను మిట్ట ఎక్కుతుంటే, అవతల జెండా కొన కనిపించింది. బ్రేకు తొక్కాను. దాని వెనకే బండి, అందులో నవ్వుతూ సలీం. నేను మాత్రం దిగి, జెండా ముడి లాగి చూశాను.