తువ్వాలు కింద చెయ్యి

గిద్దలూరు,
జూన్ 9

తమ్ముడు ఇశ్రాయేలుకు,

మీ మిలటరీ పోస్టు మీద ఇప్పుడు మంచు ఎంత ఉందో, ఈ ఉత్తరం రేషన్ హెలికాప్టర్లో నీ చేతికి ఎప్పుడు వస్తుందో తెలియదు. ఫోన్ అందే చోట ఉంటే నిన్ననే చేసి ఉండేవాణ్ణి. అందకపోవడమే మంచిదైంది, ఫోన్లో అయితే ఏడ్చేసేవాణ్ణి. నిన్న సంతలో జరిగిన దానికి నేనింకా తేరుకోలేదు. మీ వదిన షబీనా అన్నం పెడితే ఏం కూరో తెలియకుండానే తిని లేచాను.

బంకర్లో స్టవ్ చుట్టూ కూర్చుని మనిద్దరం వేసుకున్న ప్లాను గుర్తుందిగా. రాచర్ల, కొనకనమిట్ల పల్లెల గొర్రెలు మనమే కొనాలి, మార్కాపురంలో అద్దాల తలుపు పెట్టి మన పోస్టులో వంట చేసే లంగరంత శుభ్రంగా మటన్ షాపు నడపాలి. కొనుగోలు నాది, గల్లా నీది. నేను ముందు రిటైరై వచ్చాను కాబట్టి ముందు దిగాను. షాపు అద్దెకు తీసుకున్నాను, ఫ్రీజర్ కొన్నాను, చేతికొచ్చిన డబ్బంతా అందులోనే పోశాను. నువ్వు వచ్చేసరికి షాపు నడుస్తూ ఉండాలని నా పంతం.

ఇక్కడ మన మిలటరీవాళ్ళకు దక్కే మర్యాద చూస్తే నవ్వొస్తుంది. ఆగస్టు పదిహేనుకు దండ వేస్తారు, వేదిక మీద కుర్చీ వేస్తారు. వ్యాపారం పెడుతున్నానండీ అనగానే అవే మొహాలు మారిపోతాయి. "నీకేంది సామీ, పెన్షన్ వస్తాది గదా" అని ఒకరు. "మా ఫ్యాక్టరీ గేటు కాడికి వచ్చెయ్, మిలటరోడు ఉంటే దొంగోడు రాడు" అని ఇంకొకరు. పదిహేడేళ్ళు కాపలా కాసి వచ్చినవాడికి కాపలా తప్ప ఇంకేమీ రాదని అందరూ కూడబలుక్కున్నట్టుంది. బ్యాంకులో అప్పు కాగితాలు నింపుతుంటే ఆ ఆఫీసరు నా మొహం చూడలేదు, కాగితం అదిమిపట్టిన నా కుడి చెయ్యి చూశాడు. చూపుడువేలు, నడిమివేలు ఉండాల్సిన చోట మొండి మొదళ్ళు ఉన్నాయి కదా, అక్కణ్ణించి కళ్ళు తియ్యకుండానే, "ఈ చేత్తో వ్యాపారమంటే కష్టమండీ, కుర్చీలో కూర్చునే పనేదైనా చూసుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి బయట ఎక్కడా ఆ చెయ్యి జేబులోంచి తియ్యలేదు. సంతకు వచ్చే పల్లెలవాళ్ళు దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఇక సంత. గొర్రెల బేరం నోటితో చెయ్యరని నీకు తెలుసు, మీ నాయన పౌలు గొర్రెల కాడ జీతం ఉన్న మనిషి. నేను దర్జీ కొడుకుని, నాకంతా కొత్త. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చూపుడువేలితో మొదలుపెట్టి ఎన్ని వేళ్ళు నొక్కితే ధర అంత. పైన నోరు మాత్రం వానల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుతూ ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియదు. ఇదంతా నాకు యాసిన్ నేర్పాడు. మా చిన్నాన్న కొడుకు, ఎప్పట్నుంచో సంతలో దళారి.

పోయిన సంతకు రాచర్ల నుంచి ఆదెయ్య అనే పెద్దాయన మందతో వచ్చాడు. సంతలో ఆయన అమ్మితే మిగతావాళ్ళూ అమ్ముతారు. నన్ను చూసి లేచి నిలబడి, "మిలటరాయన వచ్చినాడు, దారియ్యండి" అన్నాడు. నా గుండె ఎంత పొంగిందో! భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి చాపాడు. నేను కుడి చెయ్యి జేబులోనే ఉంచి ఎడమ చెయ్యి తువ్వాలు కిందికి పెట్టాను. ఆరేళ్ళుగా తినడం, రాయడం, ట్రిగ్గర్ నొక్కడం అన్నీ దానితోనే కదా, ఇప్పుడు నా కుడి చెయ్యి అదే. పైగా తువ్వాలు కప్పే ఉంటుంది, ఏ చెయ్యైతే ఎవరికి కనబడుతుంది? ఆదెయ్య పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒక్క మాట లేకుండా మందను తోలుకుని వెళ్ళిపోయాడు. ధర నచ్చలేదేమో అనుకుందామంటే నేనింకా ధరే చెప్పలేదు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. నేను ఏ మంద దగ్గరికి పోతే ఆ మంద మనిషి తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు, బేరం లేదని. గంగయ్య అనే ఆయన్ని "ఎందుకన్నా?" అని బతిమాలితే, "నీతో మాకు బేరం వద్దు సామీ, పో" అన్నాడు. నేను ఎవర్నైనా కొట్టానా, తిట్టానా? యాసిన్ నన్ను పక్కకు లాగి, "నీకు పెన్షన్ ఉండాది భాయ్. వీళ్ళకు ఇదే కూడు. మిలటరోడు వచ్చి సంతలో పడితే ఎవరు ఓర్చుకుంటారు? వదిలెయ్" అన్నాడు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. షాపు ఖాళీ చేస్తాను. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు వాళ్ళు గేటు దగ్గర ఉద్యోగం ఇస్తామన్నారు, వచ్చే నెలలో వెళ్తాను. షబీనాకు ఇంకా చెప్పలేదు, నీకే ముందు చెబుతున్నాను. ఇక్కడ మనకు దండలైతే ఉన్నాయి గానీ చోటు లేదు తమ్ముడూ. నువ్వు మాత్రం సర్వీసు పొడిగించే ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం పెట్టు. బయటికి రావద్దు.

నీ అన్న,
షాకీర్

* * *

పోస్టు నుంచి,
జూన్ 27

షాకీరన్నకు, నీ తమ్ముడు కోపంగా రాస్తున్నది,

నీ ఉత్తరం కిరోసిన్ డబ్బాలతో పాటు నిన్న వచ్చింది. చదివి మంచులోనే కూలబడ్డాను. సెంట్రీ సర్దార్జీ పరుగెత్తుకొచ్చి, ఇంట్లో ఎవరన్నా పోయారా అని అడిగాడు. లేదు, మా అన్న ఎడమ చెయ్యి పెట్టాడు అన్నాను. ఆయనకేం అర్థమవుతుంది.

తువ్వాలు కింద ఎడమ చెయ్యి పెట్టావా అన్నా! చిన్నప్పుడు నేను ఆటకని మా నాయన తువ్వాలు కింద ఎడమ చెయ్యి పెడితే వీపు చిట్లగొట్టాడు. "ఎడం చెయ్యి పెడితే ఏందో ఎరికేనా నీకు? నీవి దొంగ జీవాలు, ఎత్తుకొచ్చిన గొర్రెలు, నీతో కుడి చెయ్యి కలపను అన్నట్టు. అది మనిషి మొగాన ఉమ్మేసినట్టురా" అన్నాడు. కప్పేసి ఉంటే తెలియదనుకున్నావా? పట్టుకున్నవాడికి బొటనవేలు ఏ పక్కన ఉందో తెలియదా? ఆ ఆదెయ్య పదిమందిలో నిన్ను తిట్టకుండా పోయాడంటే అది ఆయన పెద్దరికం. పెన్షన్ మీద కుళ్ళని నువ్వు అనుకుంటున్నావు, వాళ్ళేమో మిలటరాయన మనల్ని దొంగలన్నాడని కుమిలిపోతున్నారు. సంతలో పుట్టి పెరిగిన యాసిన్‌కు ఇది తెలియదంటే నేను నమ్మను.

ఇంకో సంగతి కూడా విను. ఎక్స్‌టెన్షన్ వద్దని నేను నెల కిందటే రాసిచ్చేశాను. వెనక్కి తీసుకోవడం కుదరదు. మా అమ్మ భాగ్యమ్మ అప్పుడే చర్చిలో అందరికీ, మావాడు మార్కాపురంలో షాపు పెడుతున్నాడని చెప్పేసింది. నువ్వు గేటు దగ్గర కూర్చునేటట్టయితే రెండో గేటు నాకు మాట్లాడి పెట్టు.

ఆ చేతి వేళ్ళు పోయిన రోజు నీ పక్కన ఉన్నది నేనే. తెగిన రేడియో వైరు కలపడానికి గ్లవ్ తీసింది నువ్వు. రేడియో పలికింది కాబట్టే మనమంతా ప్రాణాలతో కిందికి దిగాం. ఆ చేతిని జేబులో దాచుకుని దొంగలాగా తిరుగుతున్నావని చదివితే నాకు కడుపు మండిపోయింది. బయటికి తియ్యి దాన్ని. తీసి ఆ పెద్దాయనకు చూపించు. నా బతుకు కూడా ఇప్పుడు నీ జేబులోనే ఉంది.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు

* * *

గిద్దలూరు,
జులై 14

ఒరేయ్ ఇశ్రాయేలూ, నా తమ్ముడూ,

హైదరాబాదుకు బస్సు టికెట్ తీసుకుని బట్టలు సర్దుకున్న రోజే నీ ఉత్తరం వచ్చింది. నువ్వు రాసిన ఆ ఎడమ చెయ్యి ముక్క చదివి నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. రాత్రీ పగలూ నన్ను నలిపేసిన అవమానం, నేను పడ్డాననుకున్నది, నిజానికి నేనే ఇంకొకరికి చేశానా? అదీ నా తండ్రి వయసు మనిషికి, నాకు దారివ్వమని లేచి నిలబడ్డ మనిషికి! షబీనాకు అప్పుడు అన్నీ చెప్పాను, గేటు ఉద్యోగంతో సహా. ఆమె నేను సర్దిన బట్టల సంచి పక్కకు పెట్టి, "ముందు సంతకు పోండి. బస్సు ఎల్లుండి కూడా ఉంటాది" అంది.

పోయేముందు యాసిన్‌ను అడిగాను. ఎడమ చెయ్యి సంగతి నీకు తెలుసా అన్నాను. వాడు నేల చూశాడు. "నువ్వు నేరుగా కొంటే నా దళారి బతుకు ఏం గావాల భాయ్" అన్నాడు. కొట్టబుద్ధి కూడా కాలేదు తమ్ముడూ. సొంత చిన్నాన్న కొడుకు, మా ఇంట్లో తిని పెరిగినవాడు. నాలుగు అడుగులు వేశాక గానీ నా కళ్ళకు దారి కనబడలేదు.

సంతలో ఆదెయ్య మంద పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే తువ్వాలు తలకు చుట్టుకోబోయాడు. నేను ఎదురుగా పోయి కుడి చెయ్యి జేబులోంచి తీశాను. తియ్యడానికి ఎంత కష్టమైందో నీకు చెప్పలేను, ఆ జేబు మూతి బిగుసుకుపోయినట్టనిపించింది. ఆయన కళ్ళ ముందు పెట్టాను. "ఆ దినం ఎడం చెయ్యి పెట్టింది ఇందుకు మామా. నిన్ను తక్కువ చేసి కాదు. ఇది చూపియ్యడానికి సిగ్గయింది" అన్నాను.

ఆయన చేతిలో కర్ర కింద పడిపోయింది. చుట్టూ అందరూ వచ్చి చేరారు. గంగయ్య నోటి మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎట్ల పోయినాయి నాయనా?" అన్నాడు ఆదెయ్య.

"మంచు తినేసింది మామా."

"మంచు వేళ్ళు తింటాదా!" అన్నాడు. మన రాచర్ల ఎండల్లో గొర్రెలు సొమ్మసిల్లి పడిపోవడం చూసిన మనిషి ఆయన, చలి మనిషిని కొరుకుతుందంటే నమ్మలేకపోతున్నాడు. నా మొండి మొదళ్ళను వంగి దగ్గరగా చూశాడు. నేను "అయ్యో పాపం" అనే మాట కోసం పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆ మాట వస్తే నేరుగా బస్సు ఎక్కేద్దామని అప్పటికప్పుడు అనుకున్నాను కూడా. ఆయన ఆ మాట అనలేదు. "దొంగ జీవాలని అన్నావేమో అనుకుంటిని అల్లుడా. ఇన్ని దినాలూ అన్నం ముద్ద దిగల్యా నాకు" అన్నాడు. అని భుజం మీది తువ్వాలు తీసి, "పెట్టు" అన్నాడు.

"ఏం పట్టుకుంటావు మామా? మొదట పట్టాల్సిన వేలే లేదు గదా. నోటితో చెప్పు, ఇస్తా" అన్నాను.

"నోటితో అమ్మినోణ్ణి కాదు నేను. చెయ్యి పెట్టు నువ్వు" అని కసిరాడు.

పెట్టాను. తువ్వాలు కప్పాడు. "ఈ ఏడు వాన మొగం చాటేసినట్టే ఉండాది" అని అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టాడు. కింద ఆయన వేళ్ళు నా చూపుడువేలు కోసం వెతుక్కుంటూ వచ్చి మొండి మొదలుకి తగిలి ఆగాయి. పైన మాట కూడా ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు, ఇశ్రాయేలూ, ఆ ముసలాయన తన పిడికిలి ఆ మొండి మొదలు పైన, ఆ వేలు ఉండాల్సిన ఖాళీలో మూశాడు. వేలు ఉన్నట్టే గట్టిగా పట్టుకుని ఒక్కసారి నొక్కాడు. తర్వాత నడిమివేలి ఖాళీని కూడా అట్లాగే పట్టి నొక్కాడు. ఆ తర్వాత ఉంగరం వేలు, చిటికెన వేలు. నాలుగు. నాకు ఒక్కటి కూడా తప్పకుండా అర్థమైంది.

ధర మాత్రం మండిపోతోంది. నేను తల అడ్డంగా ఊపి, ఆయన వేళ్ళు పట్టుకుని నా మాట చెప్పాను. ఆయన "మా మనవరాలు ఇంటర్ ఫస్టు క్లాసు" అని పైన మురిసిపోతూ కింద ససేమిరా అన్నాడు. చాలాసేపు నడిచింది. మిలటరీవాణ్ణని తగ్గించలేదు, వేళ్ళు లేనివాణ్ణని తగ్గించలేదు. మామూలు వ్యాపారిని పిండినట్టే పిండాడు. నాకెంత సంతోషమైందో! తువ్వాలు తీసేసరికి నా కళ్ళలో నీళ్ళు చూసి గంగయ్య, "ఏంది సామీ, రేటు అంత ఎక్కువ చెప్పినాడా మా పెద్దాయన?" అన్నాడు. సంతంతా నవ్వింది. ఆ తర్వాత గంగయ్య కూడా తువ్వాలు తీశాడు.

బ్యాంకు అప్పు ఇంకా రాలేదు. అపార్టుమెంటు వాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేస్తున్నారు, మిలటరీ మనిషి కాపలా ఉంటే వాళ్ళకు ధైర్యమట. యాసిన్ మా ఇంటి వైపు రావడం మానేశాడు. ఇవన్నీ ఉన్నాయి. కానీ నిన్న మార్కాపురంలో షట్టర్ ఎత్తాను. బోర్డు మీద నీ పేరు కూడా రాయించాను. గల్లా కుర్చీ ఖాళీగా పెట్టాను, వచ్చి కూర్చో.

ఈ ఉత్తరం చదవడానికి నీకు తల ప్రాణం తోకకు వచ్చి ఉంటుంది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒక్క కాగితానికి మూడు పూటలు పట్టింది. ఏమీ అనుకోకు తమ్ముడూ, కుడి చేత్తో రాశాను.

నీ అన్న,
షాకీర్