పాత ట్యూబు ముక్క

నాన్నా,

పడవ బోల్తా పడింది గానీ మోకాలి లోతు నీళ్ళే. నేను క్షేమం. అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఏటి అవతలి ఇళ్ళకు మందులు చేరవేయడానికి ఆసుపత్రి వాళ్ళు చిన్న పడవ ఇచ్చారని, తెడ్డు నేనే వేస్తున్నానని రాశాను కదా. మందులు తడవకుండా పెట్టె మాత్రం ఇవ్వలేదు. అందుకే ఒక పెద్ద మూతి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, మూత లోపల చుట్టూ సైకిలు ట్యూబు ముక్క అతికించాను. తొందరపడి, సొల్యూషన్ ఆరకముందే నొక్కేశాను. బేసిన్‌లో ముంచితే బుడగలే బుడగలు! "తడి మీద అతికిస్తే మర్నాటికే విడాకులే అమ్మాయ్!" అని మన పంక్చరు కొట్లో నువ్వు అరిచే అరుపు చెవిలో వినిపించింది. ఊడబీకి, గరుకు కాగితంతో రుద్ది, ఆరనిచ్చి మళ్ళీ అతికించాను. నిన్న పడవ తిరగబడితే డబ్బా బాతులా తేలింది. ఒక్క మాత్ర తడవలేదు.

"ఏంటి నర్సమ్మా, మాత్రలు పంక్చరు కొట్టు వాసన కొడుతున్నాయి?" అని ఒక ముసలామె దెబ్బలాడింది. "అది మా నాన్న చేతుల వాసన పెద్దమ్మా" అన్నాను. తిరిగొచ్చేటప్పుడు తెడ్డు పక్కన పెట్టి, మూత తీసి, డబ్బాలో మొహం పెట్టుకుని కూర్చున్నాను.

నీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాలికి పట్టీ కొన్నావా? ఇద్దరి కాళ్ళకూ ఇక్కడి నుంచే దండం.

ఇంకో డబ్బా చేయాలి. కొత్త ట్యూబు ఇక్కడా దొరుకుతుంది. అయినా నీ కొట్లో మేకుకు వేలాడే పాతదే ఒక ముక్క పంపు. కడగకు.

నీ పంక్చరు పిల్ల