బాపు గొంతు ఎక్కడికీ పోలేదు

బాపుకు, అవ్వకు మీ చిన్న బిడ్డ సునీత ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. నిజామాబాదులో నేను బాగున్నాను. మోస్రాలో మీరిద్దరూ, అక్కా బావా పిల్లలూ బాగున్నారని అనుకుంటున్నాను. బాపూ, నీ దగ్గు తగ్గిందా? నేను పంపిన నూనె అవ్వ మోకాళ్లకు రాసుకుంటున్నదా, లేక సీసా మూత కూడా తీయలేదా?

ఫోన్ చేస్తే నువ్వు "సరే సరే" అని అవ్వ చేతికి ఇచ్చేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, దీన్ని మధ్యలో కట్ చేయలేవు. కోత పండుగకు ఇక పాడనని చర్చి అయ్యగారికి చెప్పావట. "నా గొంతు పోయింది అయ్యగారూ, ఇంకెవలితోనన్న పాడిచ్చుకోండ్రి" అన్నావని అక్క చెప్పింది. ముప్పై ఏళ్లుగా మన చర్చిలో పాట ఎత్తుకునేది నువ్వే. నీతో ఆ మాట అనిపించింది నేను పంపిన రికార్డే కాబట్టి, తప్పెక్కడ జరిగిందో చెప్పాల్సింది కూడా నేనే.

ముందు నా సంగతి చెబుతాను, లేకపోతే అవ్వ ఊరుకోదు. స్టూడియో పని చేతికి వచ్చింది. బయట చలి, లోపల ఏసీ చలి, రోజంతా స్వెట్టరే. హాస్టల్లో జొన్నరొట్టె అట్టముక్కలా ఉంటుంది. బావ మళ్లీ వచ్చేటప్పుడు పండుమిర్చి తొక్కు పంపండి. ఆదివారం ఇక్కడి చర్చికి పోతున్నాను. పాటకు ముందు నువ్వు గొంతు సవరించుకునే చప్పుడు వినపడదు. ఆ ఒక్క పూట ఏడుపొస్తుంది. మిగతా వారమంతా నీ బిడ్డ హుషారే, ఏమీ రంధి పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. నీ పాటకు హార్మోనియం, తబలా కలిపి పండుగకు రికార్డు చేసిస్తానని గొప్పలు పోయింది నేనే కదా. అందుకోసమే మా స్టూడియో రికార్డర్ మీ దగ్గర వదిలి వచ్చాను. బావ దాన్ని చర్చి మైకుల మిక్సరుకు తగిలించి, నీ పాట పట్టి, రికార్డర్‌తో సహా పంపాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. చేతికి రాగానే కంప్యూటర్లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేశాను. ఒక్క మనిషి గొంతే కాబట్టి, అలవాటు ప్రకారం కుడి ఎడమలు రెండూ కలిపి ఒక్క ట్రాకుగా పెట్టాను. ప్లే నొక్కితే బావిలోంచి ఎవరో గొణుగుతున్నట్టుంది. వాల్యూమ్ మొత్తం పెంచాను. సెట్టింగులన్నీ తిరగేశాను. ఎంత పెంచినా సుయ్యిమనే చప్పుడే పెరిగింది తప్ప నువ్వు రాలేదు.

అప్పుడు నేను చేసిన పాడు పని దాచను. "మా బాపుకు వయసు మీద పడ్డది సార్, గొంతు తగ్గింది" అని స్టూడియో సారుతో అన్నాను. నీకు ఫోన్లో ఆ పాట ముక్క పంపి, కొంచెం గట్టిగా పాడమని కూడా చెప్పాను. నువ్వు కేకేస్తే పక్క చేలో చెరకు కొట్టేవాళ్లు కూడా తలెత్తుతారు. అట్లాంటి గొంతును అనుమానించాను. నన్ను క్షమించు బాపూ.

రెండు రోజులు నా అవస్థ చూసి సారే అన్నాడు: "ఆగు బిడ్డా, గింత పరేషాన్ ఎందుకు? కంప్యూటర్ల ఎక్కియ్యక ముందుగాల అసలుది ఇన్నవా?"

వినలేదు. తొందరలో ఆ పని మరిచాను. రికార్డర్‌కే హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. నువ్వు ఉన్నావు బాపూ, నీ గొంతు నిండుగా ఉంది.

మరి ఎక్కించగానే ఎటు పోతున్నది? సారు ఎడమ చెవిది, కుడి చెవిది విడదీసి రెండు ట్రాకులుగా పెట్టాడు. విడివిడిగా వింటే రెండూ మోగుతున్నాయి, కలిపితే మాయం. తెర మీద పెద్దది చేసి చూస్తే ఒకదాని గీత పైకి లేచిన చోటల్లా రెండోదాని గీత కిందికి దిగుతున్నది. ఒకే కాడికి కట్టిన ఎడ్లు చెరో దిక్కు లాగితే బండి కదలదు కదా, అట్లా అయింది.

"వైరు ఎవలు జేసిండ్రు?" అన్నాడు సారు. బావకు ఫోన్ చేశాను. నేనిచ్చిన వైరు పొట్టిదైందట. చెరకు ట్రాక్టర్లకు పాటల బాక్సులు బిగించే మనిషి కదా, ఆ ధీమాతో తనే ఒకటి చేసుకున్నాడు.

"మిక్సరు కాడ మూడు తీగలుండె సునీతా. ఒకటి ఎర్తు. మిగిలిన రెండు చెరో చెవికి గలిపిన. ట్రాక్టర్ల గట్లనే గదా, చెరో బాక్సుకు ఒకటి!" అన్నాడు.

ఆ రెండు తీగలూ మోసేది ఒకే గొంతును, ఒకటి సూటిగా, ఇంకొకటి తిరగేసి. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు గనుక? ఆయన్ను ఏమీ అనకు. తిరగబడిన పక్కను సరిచేసే బటన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నొక్కగానే గదంతా నీ గొంతే. సారు కుర్చీ వెనక్కి జరుపుకుని, "మీ బాపుకు మైకు ఎందుకు పెట్టిండ్రే?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అయినా నీకు అబద్ధం చెప్పను. మూడో చరణంలో నీకు ఊపిరి అందలేదు, రెండు మాటలు వదిలేశావు. కానీ పాట ఆగలేదు. ఆడవాళ్ల వరుసలో ముందు, నీ పక్కనే కూర్చుంటుంది కదా అవ్వ, ఆ రెండు మాటలూ తను పాడింది. సన్నగా నీ మైకులోనే పడింది. నువ్వు అందుకోగానే ఊరుకుంది. చివరి చరణంలోనూ అంతే. అవ్వ చర్చిలో పెదవి కదపదని ఎగతాళి చేస్తావు కదా, ఎన్నాళ్ల నుంచి ఇట్లా అందిస్తున్నదో ఇప్పుడు అడుగు.

పని మీద వచ్చిన బావ చేతికి ఈ ఉత్తరమూ, పాట ఉన్న పెన్‌డ్రైవూ ఇస్తున్నాను. ఆ రెండు చోట్లా నేనేమీ దిద్దలేదు. అక్కకు, పిల్లలకు నా ముద్దులు. అయ్యగారికి, సంఘంలో పెద్దలందరికీ వందనాలు. ప్రార్థనలో నన్ను మరవకండి. పండుగ రోజు మైకును ఒక జానెడు అవ్వ వైపు జరపమని బావకు చెప్పాను. అయ్యగారి దగ్గరికి పోయి పాడతానని చెప్పిరా బాపూ. ఊపిరి అందనప్పుడు నింపాదిగా తీసుకో, అవ్వ ఉంది.

మీ దీవెన కోరే బిడ్డ,
సునీత