నువ్వు విరగ్గొట్టిన పన్ను

పెద్దన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నేనూ మా ఆయనా తెనాలిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అప్పటికే దురద ఆగక దువ్వెనతో రక్తం వచ్చేదాకా గీరుకుని ఉన్నాను. ఆమె పెన్ను మూతతో నా వీపు మీద మెల్లగా ఓ గీత గీసింది. చూస్తుండగానే అది బెత్తం దెబ్బలా ఎర్రగా ఉబ్బింది.

బాపట్ల చర్చి మెట్ల మీద నువ్వు చూసినవి అలాంటి వాతలే. ఒక్క ముక్కైనా అడక్కుండా మా ఆయన్ని కాలర్ పట్టుకుని కిందికి ఈడ్చావు. "మా చెల్లి మీద చెయ్యి చేసుకుంటావా!" అని మొహం మీద గుద్దావు.

"కొట్టలేదన్నయ్యా, అవి దద్దుర్లు!" అని నేను గొంతు చించుకున్నాను. ఆయన ముందు పన్ను విరిగి, తెల్ల చొక్కా రక్తంతో తడిసింది. రేపల్లె వెళ్లిపోయినవాడివి మళ్లీ మా గడప తొక్కలేదు. పోయేదాకా నా మాట నమ్మలేదు.

"ఇది వేడి కాదమ్మా. ఒళ్లు తన మీద తానే తిరగబడే జబ్బు. మాత్రలు మానకుండా వాడితే అదుపులో ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఇన్నేళ్లూ అందరూ వేడి చేసిందన్నారు, వంకాయ మానెయ్యమన్నారు. ఆమె భుజాలు పట్టుకుని కుదిపేసి, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అరవాలనిపించింది.

"మీ వాళ్లెవరూ దీన్ని సీరియస్‌గా తీసుకోలేదా?" అని ఆమె అడిగింది.

మా ఆయన విరిగిన పన్ను నాలుకతో తడుముకున్నారు.

"ఒక్కరు తీసుకున్నారండి" అన్నారు. "మా బావగారు."